నలభై మందికి ఎదురు

నాకు అక్షరాలు వచ్చి మూడేళ్ళే అయింది. తప్పులుంటే దిద్దుకుని చదవండి. ఈ కాస్త రాయడానికే పదకొండు రోజులు పట్టింది, అదీ మన్నించండి.

"మీరు కార్లోనే ఉండండి అత్తయ్యా. టీమంతా లోపలికెళ్ళాక ఫోన్ చేస్తా, అప్పుడు దిగుదురుగాని," అంది వైదేహి, అత్తగారి మొహం చూడకుండా.

లక్ష్మీకాంతం తలూపింది. భర్త పోయినప్పటి నుంచి ఎవరు బయల్దేరినా తలుపు చాటుకు తప్పుకోవడం ఆమెకు అలవాటే. పైగా ఇవాళ మనవడు దీపక్ ఆట. కాళ్ళతో తన్నే ఫుట్‌బాల్ కాదు, కోడిగుడ్డు లాంటి బంతిని చంకలో పెట్టుకుని ఒకరినొకరు గుద్దుకునే ఆట. యూనివర్సిటీలో వాడికిది ఆఖరి ఏడు. టీమ్ వరసగా నాలుగు ఓడింది. ఇదీ ఓడితే వాడిక ఆ ఎర్ర చొక్కా వేసుకునేది లేదు.

"నేనిలా అన్నానని వాడికి చెప్పకండి," అంది వైదేహి.

"చెప్పనులే. వాడు మాత్రం తక్కువా? ఎప్పుడో గెలిచిన రోజు వేసుకున్న మేజోళ్ళు ఇంతవరకూ ఉతకనివ్వలేదన్నావుగా."

"అది వాళ్ళ లక్కట. ఆ కంపుకి కారెక్కలేకపోతున్నా," అంటూ వైదేహి వెళ్ళిపోయింది.

స్టేడియం బయట కారు చుట్టూ మొహాలకు ఎర్రరంగు పూసుకున్న పిల్లలు కార్ల డిక్కీలు తెరిచి సాసేజ్‌లు కాల్చుకుంటున్నారు. ఆ కెనడా చలికి లక్ష్మీకాంతం ఫ్లాస్కులో టీ రెండుసార్లు తాగింది. అదే పొరపాటైంది. అరగంట ఓర్చుకుంది. ఇక ఆగలేక, శాలువా తలమీదికి లాక్కుని దిగింది.

టీమ్ వచ్చే గేటు వైపు కన్నెత్తి చూడలేదు. పనిగట్టుకుని స్టేడియం వెనక్కి చుట్టు తిరిగి వెళ్ళింది. అక్కడో ఇనప తలుపు ఓరగా తెరిచి ఉంది. దాని మీద ఇంగ్లీషులో ఏదో రాసుంది. టాయిలెట్ అయ్యుంటుందనుకుని లోపలికి అడుగుపెట్టింది. తలుపు వెనకే మూసుకుపోయింది.

లోపల పొడవాటి సందు. అవతలి కొస నుంచి రాళ్ళ మీద గుర్రాలు పరిగెత్తినట్టు చప్పుడు. మేకుల బూట్లు, హెల్మెట్లు, తలుపంతేసి భుజాలు. నలభై మంది తిన్నగా ఆమె మీదికే వస్తున్నారు.

తలుపు లాగింది. రాలేదు. మొహానికి శాలువా కప్పుకుని గోడవైపు తిరిగింది. అప్పటికే ముందున్నవాడు చూసేశాడు. ఆగి హెల్మెట్ తీశాడు.

"నానమ్మా? వాట్ ఆర్ యూ డూయింగ్ హియర్?"

ఎవరికి ఎదురు పడకూడదని ఇంత చుట్టు తిరిగిందో, వాడికే.

"కావాలని రాలేదురా నాన్నా. వెనక్కి వెళ్ళు. కాసేపు కూర్చుని, మంచినీళ్ళు తాగి మళ్ళీ బయల్దేరు."

"నో టైమ్, నానమ్మా. వీ హావ్ టు గో."

"నీ కాళ్ళు పట్టుకుంటాను," అని ఆమె నిజంగానే వంగబోయింది.

దీపక్ బెదిరిపోయి ఆమె చేతులు పట్టుకున్నాడు. వెనక్కి తిరిగి గబగబా ఏదో చెప్పాడు. ఎవడో కిసుక్కుమన్నాడు. తరువాత ఒక్కొక్కడే హెల్మెట్ తీశాడు. నలభై మందీ ఆ సిమెంటు నేల మీద చతికిలబడ్డారు. నీళ్ళ సీసాలు చేతులు మారాయి. తలా రెండు గుటకలు వేశారు. అందరూ లేచి, ఆమె కాలు తొక్కకుండా పక్కకు ఒదిగి ఒదిగి మైదానంలోకి పరిగెత్తారు.

పచ్చ కోటు వేసుకున్న కాపలా మనిషి వచ్చి ఆమెను కేకలేసి బయటికి నడిపించాడు. పోతూ పోతూ టాయిలెట్ మాత్రం చూపించాడు.

వైదేహి ఫోన్ చేస్తే, తలనొప్పిగా ఉంది, నువ్వు చూడమ్మా అంది. మూడు గంటలు కార్లోనే కూర్చుంది. లోపలి నుంచి అరుపు వినిపించినప్పుడల్లా పిల్లాడి కాలు విరిగిందనే అనుకుంది.

చివరికి అద్దంలోంచి చూస్తే వైదేహి వస్తోంది. ఆమె వెనక ఒళ్ళంతా బురదతో ఆ నలభై మంది. వాళ్ళ వెనక పచ్చ కోటు. లక్ష్మీకాంతం గబుక్కున కారు లాక్ నొక్కింది.

వైదేహి అద్దం తట్టింది. లక్ష్మీకాంతం అద్దం కొంచెం దించింది.

"అత్తయ్యా, మీరు వాళ్ళకి ఎదురెళ్ళారా?"

"పొరపాటైపోయిందమ్మా. ఓడిపోయారా?"

"గెలిచారు."

"మరి ఆ కాపలా మనిషి ఎందుకొచ్చాడు? పోలీసుల్ని పిలుస్తాడా?"

వైదేహి వెనక్కి ఒకసారి చూసి, చెప్పింది.

"పోలీసుల్లేరు, మీకు సారీ చెప్పించాలని వీళ్ళే లాక్కొచ్చారు. వచ్చే శనివారం విండ్సర్‌లో ఆటట అత్తయ్యా. మీరు ఎదురొచ్చి, కూర్చోబెట్టి, మంచినీళ్ళు తాగమంటే గానీ ఒక్కడూ బస్సెక్కడట."

లక్ష్మీకాంతం,
డెబ్బై రెండేళ్ళు,
ప్రస్తుతం నార్త్ యార్క్.