జిగురు తాత కట్టిన కట్ట

"గ్లాసు పెట్టుకోవడానికి ఈ ఇంట్లో నాలుగంగుళాల చోటు లేదా?" భర్త విసుక్కున్నాడు.

"లేకపోతే చేత్తో పట్టుకోండి. బహుమతి వచ్చిన నవల మీద పెడతారా?"

అట్ట మీద పడిన గుండ్రటి తడి మరకను ఆమె కొంగుతో అద్దింది.

"బహుమతి దానికొచ్చింది, శిక్ష నాకు పడింది."

"పోనీలేరా," అంది అత్తగారు, కంచం ఒళ్లో పెట్టుకుని. "నాలుగు రోజులుగా బల్ల మీద పుస్తకాలే భోంచేస్తున్నాయి. వాటికి కడుపు నిండాక మనం కూర్చుందాం."

కూతురు కిసుక్కున నవ్వింది. ఆమెకు మాత్రం నవ్వు రాలేదు.

హైస్కూలు పిల్లలు వేసవి సెలవుల్లో చదవడానికి పది నవలలు, అయిదు ఆత్మకథలు ఎంచి పెట్టే పని తల్లిదండ్రుల సంఘం ఆమెకు అప్పగించింది. సోమవారం జాబితా ఇవ్వాలి.

పోయినేడు ఇచ్చిన పుస్తకాలను సగం మంది తెరవనే లేదు. ఈసారీ అంతే అయితే లైబ్రరీ పీరియడు ఎత్తేస్తామని హెడ్‌మిస్ట్రెస్ తేల్చి చెప్పింది.

తొమ్మిదో తరగతి చదువుతున్న కూతురు బడికి నవ్వుతూ వెళ్లేది ఆ పీరియడు ఉన్న రోజుల్లోనే.

అందుకే ఆమెకు అన్నం సయించడం లేదు.

శుక్రవారం లైబ్రరీలో ఆమె పేర్చిన దొంతరలోంచి మళ్లీ మూడు పుస్తకాలు మాయమయ్యాయి. అలా జరగడం ఆ వారంలో అది మూడోసారి.

"ఎవరు తీశారివి?"

"నేనేనమ్మా."

మూలన చాప మీద కూర్చుని చిరిగిన పుస్తకాలు కుట్టే ముసలాయన. ఏటా సెలవుల ముందు వస్తాడు. పిల్లలు జిగురు తాత అంటారు.

"ఎందుకు తీశారు?"

"పిల్లలు చదవరమ్మా వాటిని. ఆ పడవ బొమ్మది పెట్టండి. నీలం అట్టది కూడా."

"పుస్తకాలు అట్ట చూసి ఎంచుతారా ఎక్కడైనా?"

"అట్ట కాదమ్మా. ఒక్కసారి ఇలా మూసి, పక్కనుంచి..."

"ఇవన్నీ మీరు చదివారా?"

ఆయన సూదిలోకి దారం ఎక్కించడంలో పడ్డాడు.

ఆమె తిన్నగా హెడ్‌మిస్ట్రెస్ గదికి వెళ్లింది.

"ఆయన పని ఆయన్ని చూసుకోమనండి మేడమ్. నా తలనొప్పి నాకు చాలదా?"

"అంత దూరం వెళ్లిందా? ఆయన్ని ఇక రావద్దంటాను, మిగిలిన కుట్లు వచ్చే ఏడు ఇంకెవరితోనైనా వేయిద్దాం లెండి."

శనివారం వెళ్లేసరికి మూలన చాప లేదు. జిగురు డబ్బా లేదు. ఆమె బల్ల మీద పురికొస కట్టిన పుస్తకాల కట్ట ఉంది.

"తాత మీకిమ్మన్నాడమ్మా," అంది ఆయా. "కోపం చేసుకోవద్దని చెప్పమన్నాడు."

వద్దన్నా వినకుండా ఆయా ఆ కట్టను ఆమె సంచీలోకి తోసింది.

సాయంత్రం కూతురు తల్లి ఎంచిన పదిహేనూ ఒక్కొక్కటే తీసి చూసింది.

"ఇది ఇరవై పేజీలు దాటదమ్మా. ఇదీ అంతే. ఇదైతే మరీ, పది."

"చదవకుండానే ఎలా చెప్తావే?"

"జిగురు తాత చూపించాడు. మూసి పక్కనుంచి చూడు. వేళ్ల మురికి ఎక్కడిదాకా ఉంటే అక్కడిదాకే చదివినట్టు."

ఆమె పుస్తకాన్ని దీపం కిందికి జరిపింది. అంచు మీద మొదట సన్నటి నల్ల గీత. ఆ తర్వాతదంతా కొత్త కాగితంలా తెల్లగా ఉంది.

రెండోదీ అంతే. పదిహేనూ అంతే.

ఆమె సంచీలోంచి కట్ట తీసింది. పురికొస విప్పింది.

పడవ బొమ్మ నవల అంచు మొదటి పేజీ నుంచి చివరిదాకా నల్లగా ఉంది. నీలం అట్టది ఒక నర్సు రాసుకున్న ఆత్మకథ. పుస్తకం వీపు మూడుసార్లు కుట్టి ఉంది. చివరి పేజీలు మరీ నలిగాయి.

"అందరూ రెండోసారి ఏడ్చేది అక్కడే," అంది కూతురు.

ఆదివారం పొద్దున్నే ఆమె బడి గేటు దగ్గరికి పరుగెత్తింది.

"జిగురు తాత ఇల్లెక్కడ?"

"ఎవరికి తెలుసమ్మా?" అన్నాడు వాచ్‌మన్. "ఇక పిలవరని తెలిసి నిన్న సామాను సర్దుకుని వెళ్లిపోయాడు. రిజిస్టరులో ఏమైనా రాశాడేమో చూడండి."

ఆమె రిజిస్టరు తిరగేసింది. ఈ ఏడుది, పోయినేడుది, అంతకు ముందుది. మూసి ఇచ్చేసి ఇంటికొచ్చింది.

మధ్యాహ్నం భోజనాల వేళకు బల్ల ఖాళీగా ఉంది. భర్త అలవాటు కొద్దీ గ్లాసు చేత్తోనే పట్టుకున్నాడు.

"నా జాబితా చింపేశాను," అందామె వడ్డిస్తూ. "రేపు ఆయన కట్టిన కట్టే ఇస్తున్నాను. ఆయన్ని మళ్లీ పిలిపించమని కూడా అడుగుతాను. పంపేయించింది నేనే కదా."

"పదిహేనూ ఉన్నాయా అందులో?"

"ఆత్మకథలు నాలుగే. ఒకటి తగ్గినా సరే, అవే."

"డిగ్రీ చదివిన దానివి, నీకే తెలియలేదు," అంది అత్తగారు. "అన్ని పుస్తకాలు నమిలి మింగాడంటే ఎంత పండితుడో!"

ఆమె గరిటె గిన్నెలో పెట్టేసింది.

"రిజిస్టరులో ఆయన సంతకం చేయాల్సిన చోట మూడేళ్లుగా వచ్చిన ప్రతిరోజూ వేలిముద్రే ఉందత్తయ్యా."