రాణిగారి తిరగలి

ఇంద్రాణి రాగులు విసురుతోంది. తిరగలి చుట్టూ పిండి అప్పుడే జానెడు మేర పరుచుకుంది. చేతికి ఆ పని కొత్త కాదు. చిన్నప్పుడు బడికి పోయే ముందు రోజూ చేసిందే.

గంగాధరప్ప నడుము మీద చేతులు పెట్టుకుని ఇల్లంతా కలయజూశాడు. మిక్సీ మంచం కిందికి పోయింది. టీవీ మీద దుప్పటి పడింది. సీలింగు ఫ్యానుకు మాత్రం దాక్కునే చోటు లేదు. దానికి గోనెసంచి చుట్టి, నాలుగు జొన్న కంకులు వేలాడదీశాడు.

"ఓబమ్మ కోడల్ని పంపిస్తానంటే ఏమో అనుకున్నా. టయానికే వచ్చినావు పాపా," అన్నాడు.

"అన్నా, నేను..."

"గమ్మునుండు. ఇసరడమే నీ పని, మాట్లాడేది నా పని. ఈ పొద్దు నా బతుకు తేలే రోజు. అనంతపురం నుంచి ఆఫీసరు వస్తాండాడు. టూరోళ్ళ మాదిరే వచ్చి, ఎవరికీ చెప్పకుండా చూసిపోతాడంట. ఆయప్ప బాగుందని రాస్తే నాకు గైడు కార్డు. లేదంటే గుట్ట అవతల ఊర్లో గిరిగాడికి పోతాది. మూడేండ్లు ఈ కోట చుట్టూ తిరిగినా పాపా. ఉత్తగా పోకూడదు."

ఇంద్రాణి అతని ముఖంలోకి ఓసారి చూసింది. మళ్ళీ తిరగలి పిడి పట్టుకుంది.

బయట మినీబస్సు ఆగింది. బెళుగుప్ప రోడ్డు మీది దుమ్మంతా దాని అద్దాల మీదే ఉంది. పదిమంది దిగారు. గంగాధరప్ప వాళ్ళను ముందు కోటలోకి నడిపించాడు. ఇల్లు కోటగోడను ఆనుకునే ఉంది. అతని గొంతు గోడ అవతల నుంచి కూడా ఇంట్లోకి స్పష్టంగా వినిపిస్తోంది.

"ఇది రాణిగారు స్నానం చేసే బావి. ముత్యాల హారాలతోనే దిగేదంట."

"నీళ్ళేవప్పా?" అని ఎవరో ఆడమనిషి అడిగింది.

"ఈడ నీళ్ళు గూడా చరిత్రే అమ్మా."

అందరూ నవ్వారు. గంగాధరప్ప నవ్వించాలని అన్న మాట కాదది.

"ఆ నందికి చెవి ఎట్ల విరిగింది?"

"శత్రువులు సార్. ఏనుగుల మీద వచ్చినారు."

నిరుడు బోరు లారీ వెనక్కి వస్తూ తగిలి ఆ చెవి విరిగిందని ఊళ్ళో పిల్లలకు కూడా తెలుసు.

చివరికి గుంపు ఇంటి ముందుకు వచ్చింది. అందరికంటే ముందు వీరభద్రయ్య అనే పెద్దమనిషి. కళ్ళద్దాలు, ఇస్త్రీ చొక్కా, చేతిలో చిన్న నోటుబుక్కు. నాలుగడుగులకోసారి ఆగి ఏదో రాసుకుంటున్నాడు. గంగాధరప్పకు ఇంకేం అనుమానం లేదు. ఇంట్లో ఉన్న ఒక్క కుర్చీ ఆయనకే వేశాడు. శెనక్కాయ ఉండలు పళ్ళెం నిండా పెట్టి ఆయన ముందుకే జరిపాడు.

ఆయన భార్య పద్మావతమ్మ గడప దగ్గరే ఆగిపోయింది.

"ఈ రాయి మీద ఏందో రాసినట్లుండాదే?"

"అది చెప్పులిడిచే రాయి అమ్మా. దాంట్లో ఏముండాది! లోపలికి రాండి, అసలు చరిత్ర ఈడ ఉండాది."

ఇంద్రాణి తల పక్కకు వంచి, చెప్పుల మధ్య కనబడుతున్న అక్షరాలను చూసింది. తిరగలి క్షణం ఆగింది. గంగాధరప్ప దగ్గాడు. తిరగలి మళ్ళీ తిరిగింది.

"ఈ ఇసుర్రాయి రాణిగారికి పుట్టింటోళ్ళు పెట్టింది. ఐదువందల ఏండ్లు."

"మరి ఈ పిల్ల?"

"ఆ వంశమే అమ్మా. పదకొండో తరం. బడి మొహం చూళ్ళేదు. అనంతపురం యాడుందో గూడా తెలీదు."

"నిజమేనా పాపా?" అని పద్మావతమ్మ వంగి అడిగింది.

ఇంద్రాణి నోరు తెరిచేలోపు గంగాధరప్ప అడ్డం వచ్చాడు. "మాట్లాడదమ్మా. బయటోళ్ళతో మాట్లాడే ఆచారం లేదు. రాజుల కుటుంబం కదా!"

సెల్‌ఫోన్లు పైకి లేచాయి. ఒకామె ఇంద్రాణి పక్కన చతికిలబడి ఫొటో దిగింది.

అంతలో కరెంటు వచ్చింది. గోనెసంచి మెల్లగా కదిలింది. తర్వాత జొన్న కంకులతో సహా గిర్రున తిరిగింది. గింజలు వీరభద్రయ్య నెత్తిన రాలాయి.

"ఇదేందప్పా?"

"పిచ్చుకల్ని తోలేది సార్. రాజుల కాలం నాటి ఏర్పాటు."

"కరెంటు వస్తేనే తిరుగుతాదా?" అంది పద్మావతమ్మ.

అదృష్టం కొద్దీ అప్పుడే గుమ్మంలో ఎవరో పిలిచారు. చంకలో బిడ్డతో ఒకామె ఆయాసపడుతూ నిలబడి ఉంది. "అన్నా, బస్సు తప్పిపోయి... మా అత్త..." అంది.

"టూరు నడుస్తాంది, కండ్లు కనపడలేదా? పక్కకు పో తల్లీ!"

ఆమె బిడ్డను సర్దుకుని వెళ్ళిపోయింది. గంగాధరప్ప ఐదో ఉండ తీసి వీరభద్రయ్య చేతిలో పెట్టాడు. చెవి దగ్గరికి వంగాడు.

"సార్, నా గురించి కొంచెం బాగా రాయండి. మీ కలం మీదే ఉండాది నా బతుకు."

"నీ గురించా? ఇది డాక్టరు కోసమప్పా. నాకు షుగరు. ఎంత నడిచిందీ, నోట్లో ఏం పెట్టిందీ అంతా రాసుకోమన్నాడు. నువ్వేమో పెడతానే ఉండావు."

"అయితే... మీరు ఆఫీసరు కాదా సార్?"

"ఆఫీసరా? ఉరవకొండలో నాది స్టీలు సామాన్ల అంగడి!"

గంగాధరప్ప మిగిలిన తొమ్మిదిమంది ముఖాల్లోకీ ఒక్కొక్కటిగా చూసుకుంటూ పోయాడు.

ఇంద్రాణి లేచి చేతుల పిండి దులుపుకుని, తన సంచిలోంచి తనిఖీ కాగితం తీసి, ‘చరిత్ర పరిజ్ఞానం’ అన్న గడిలో సున్నా చుట్టి, కింద అధికారి సంతకం పెట్టి, దాన్ని అతని చేతిలో ఉంచి, ఒక్క మాటైనా మాట్లాడకుండా గడప దాటి వెళ్ళిపోయింది.