మూడు రోజులాగి రా

జీతం అందిన గంటలోపే ఆ అమ్మాయి పెద్ద షాపు గుమ్మం ముందు నిలబడింది.

అద్దాల వెనక ఎర్ర హ్యాండ్‌బ్యాగు. పొద్దున పనికి వెళ్తూ చూసింది. అప్పటినుంచి సెలూన్లో ఎవరి జుట్టు కత్తిరిస్తున్నా కళ్ల ముందు ఆ బ్యాగే.

తలుపు తోయబోతే, పక్కన స్టూలు మీద కూర్చున్న ముసలాయన చేతికర్ర అడ్డం పెట్టాడు.

"ఏం కావాలమ్మా?"

"బ్యాగు."

"ఎప్పుడు పుట్టింది ఈ కోరిక?"

"ఇవాళ పొద్దున. అయితే?"

"అయితే ఇంకా పసిగుడ్డే. మూడు రోజులాగి రా. అప్పటికీ బతికుంటే నేనే తలుపు తీస్తా."

అమ్మాయికి ఒళ్లు మండిపోయింది.

"వాచ్‌మన్ పని చూసుకో తాతా! మీ ఓనరుతో చెప్పి ఉద్యోగం ఊడగొట్టిస్తా."

"ఆ పుణ్యం కట్టుకో తల్లీ. నాకూ కాస్త విశ్రాంతి దొరుకుతుంది."

అలాంటి మనిషితో ఏం పోట్లాడుతుంది? విసవిసా ఇంటికి వెళ్లిపోయింది.

మర్నాడు సెలూన్లో ఒక కస్టమరుకి నిజం చెప్పింది, ఆ జుట్టుకి అంత ఖరీదైన నూనె అక్కర్లేదని. సెలూన్ నడిపే మేడం అందరి ముందూ కడిగేసింది.

"సొంత కుర్చీ ఉన్నప్పుడు చెప్పు నీ నిజాలు. ఈ జన్మలో ఉంటే!"

ఆ మాట ముల్లులా దిగింది. మూడో రోజుకి బ్యాగు గుర్తే లేదు, ముల్లు మాత్రం ఉంది.

సాయంత్రం షాపు ముందునుంచి వెళ్తుంటే ముసలాయన కేకేశాడు.

"ఏమ్మా, బతికుందా?"

"పోయింది తాతా." నవ్వొచ్చేసింది.

"మరి ఆ డబ్బు?"

"ఉంది."

"ఊరికే ఉంటే ఇంకో కోరికని వెతుక్కుంటుంది. దానికో పేరు పెట్టు."

"కుర్చీ," అంది అమ్మాయి, తడుముకోకుండా. "సెలూన్ కుర్చీ. నా సొంతం."

"శభాష్! బ్యాంకులో దానికి వేరే ఖాతా తెరువు. కోరిక పోయినప్పుడల్లా దాని డబ్బు ఆ కుర్చీకి వెయ్యి. ఆ రోజే. మర్నాటికి ఉంచావో, కాళ్లొస్తాయి."

అలా మొదలైంది.

హై హీల్స్ రెండో రోజే పోయాయి. బంగారు రంగు వాచీ గంటలో పోయింది. కొత్త ఫోను మాత్రం మొండిది, మూడో రోజు మధ్యాహ్నం దాకా కొట్టుకుని అప్పుడు పోయింది. అన్నిటి డబ్బూ కుర్చీకే చేరింది.

ఒక్క కత్తెర బతికింది. మంచి ఉక్కు కత్తెర. మూడు రోజుల తర్వాత ఇంకా ఎక్కువ కావాలనిపించింది. ముసలాయన లేచి, తలుపు బార్లా తీసి, వంగి దణ్ణం పెట్టాడు.

"రండి మహారాణీ!"

అప్పటినుంచి ఆమె ఆయనకి కత్తెరమ్మ.

"లోపల అన్ని కుర్చీలుండగా ఈ స్టూలెందుకు తాతా?"

"లోపల కూర్చుంటే నిద్రొస్తుందమ్మా. ఇక్కడైతే మొహాలు కనిపిస్తాయి."

"కొనేవాళ్లని వెనక్కి పంపిస్తుంటే ఓనరు ఏమీ అనడా?"

"ఆయనా నాలాగే వెర్రిబాగులవాడు. ఏమనడు."

"నా సెలూన్లో మొదటి కటింగ్ నీకే. ఫ్రీ!"

"అయితే ఈ నాలుగు వెంట్రుకలూ అప్పటిదాకా పొదుపు చేస్తా."

మూడేళ్లు గడిచాయి. కుర్చీ ఖాతాలో ఒక్క కుర్చీకి కాదు, రెండు కుర్చీలకీ, నిలువుటద్దానికీ, గది అడ్వాన్సుకీ సరిపడా డబ్బు చేరింది. ఎవర్నీ చెయ్యి చాచి అడగలేదు. అంతా తన కత్తెర సంపాదనే.

పెద్ద షాపు పక్క గదికి అద్దె బోర్డు కనిపిస్తే, కిటికీలోంచి గదంతా చూసింది. సెలూన్లో పని తెమలక వేరే దగ్గరి దారిన వెళ్లొస్తూ, ఆ వైపు వచ్చి నెల దాటింది. స్టూలు ఖాళీగా ఉంది. ముందు తాతకే చెప్పాలనుకున్న అమ్మాయి ఉసూరుమని లోపలికి వెళ్లింది.

ఓనరు సీట్లో ఒకావిడ ఉంది. అద్దె గది కోసం వచ్చానని చెప్పింది అమ్మాయి.

"గది చూశారా?"

"చూశానండీ. ఆ వెలుతురు కత్తెర పనికి చేసినట్టే ఉంది."

"అడ్వాన్సు ఇస్తారా మరి?"

అమ్మాయి చెయ్యి పాత సంచిలోకి వెళ్లి, అక్కడే ఆగిపోయింది.

"ఏమనుకోకండి. మూడు రోజులాగి వస్తాను. అప్పటికీ ఇంతే నచ్చితే తీసుకుంటా. నాకది అలవాటు."

ఆవిడ కలం కింద పెట్టింది. సొరుగులోంచి తాళంచెవి తీసింది.

"చూసిన రోజే అడ్వాన్సు కట్టినవాళ్లు నలుగురు, ఏడాది తిరక్కుండా మూసుకుని పోయారు. అందుకే, ఆగి వస్తానన్నవాళ్లకే ఆ గది ఇవ్వాలని మా ఇంట్లో నియమం. ఇన్నాళ్లకి ఆ మాట అన్నది మీరే. తాళం ఇవాళ తీసుకోండి, అడ్వాన్సు మూడు రోజులాగే ఇద్దురుగాని."

తాళంచెవి అరచేతిలో పడింది. సొంత గది! సొంత కుర్చీ! ఈ జన్మలోనే!

"ముందు మీ వాచ్‌మన్ తాతకి చెప్పాలండీ. మొదటి కటింగ్ ఆయనకే. ఇవాళ రాలేదా?"

ఆవిడ ఖాళీ స్టూలు వైపు చూసింది.

"మా షాపుకి వాచ్‌మన్ ఎప్పుడూ లేడమ్మా. పోయిన నెల కన్నుమూసేదాకా ఆ స్టూలు మీద కూర్చున్నది, ఈ షాపు కట్టిన మా నాన్నగారు."