తిరిగొచ్చిన చక్కెర

కాలింగ్ బెల్ మోగింది.

మంచం మీద ఉన్న షాపు మేడమ్ పళ్ళు కొరికింది. బయటి తలుపు దాకా నడవాలంటే పొట్ట మీది కుట్లన్నీ ఒక్కసారిగా లాగుతాయి. నడుముకు ఊపిరాడనివ్వని బెల్టు. పక్కన వేలాడే, కుట్ల లోపలి నీరు తీసే సన్నటి గొట్టం, దాని చివర డబ్బా. వాటి మీద చున్నీ కప్పుకుని, వంగి వంగి నడిచి వెళ్ళి తలుపు తీసింది.

ఎదురింటి పెద్దావిడ. ఈ మధ్యే అద్దెకు దిగింది.

"టైమెంతయిందమ్మా?"

"మీ ఇంట్లో గడియారం లేదా పిన్నిగారూ?"

"ఉంది. సరిగ్గా నడుస్తోందో లేదోనని."

టైము చెప్పించుకుని, మేడమ్‌ని కిందికంటా ఓ చూపు చూసి వెళ్ళిపోయింది.

ఆ చూపు మేడమ్‌కి నచ్చలేదు.

ఆమెది రెడీమేడ్ బట్టల షాపు. బొమ్మకు తొడిగిన డ్రెస్సు ఓనరుకు పట్టకపోతే కొనేవాళ్ళు నమ్మరని ఆమె లెక్క. అందుకే పొట్ట తగ్గించే ఆపరేషన్ చేయించుకుంది. అందరికీ మాత్రం హెర్నియా అని చెప్పింది. అసలు సంగతి పొక్కితే, త్వరలో తెరవబోయే కొత్త షాపులో మొదటిరోజే జనం బట్టలు వదిలేసి ఆమె పొట్టనే చూస్తారు.

"ఇంట్లో అటూ ఇటూ తిరగమన్నాడుగా డాక్టరు?" అన్నాడు భర్త, షాపుకు బయల్దేరుతూ.

"మనం ప్రతి కస్టమర్‌కీ రంగు పోదని చెప్పమూ? ఇదీ అంతే. అలవాటుగా అనేస్తారు."

ఫోను, మందులు, మంచినీళ్ళు అన్నీ చేతికందేలా పెట్టుకుంది. కాలు కింద పెట్టే అవసరమే లేదు. ఆ ఏర్పాటు చెడగొట్టేది బెల్లు ఒక్కటే.

మళ్ళీ మోగింది.

"గ్లాసుడు చక్కెర ఉంటే ఇస్తావా అమ్మా?"

మేడమ్ వంటింట్లోకి వెళ్ళి తెచ్చిచ్చింది.

సాయంత్రం కాకముందే గ్లాసు తిరిగొచ్చింది. అదే చక్కెర. పోసింది పోసినట్టే ఉంది.

"అవసరం పడలేదమ్మా."

అరువు తీసుకున్న సరుకు ముట్టుకోకుండా తెచ్చిచ్చిన మనిషిని మేడమ్ ఇంతవరకూ చూడలేదు. లాభం లేకుండా ఎవరూ ఇంకొకరి గుమ్మం ఎక్కరు. చక్కెర కాకపోతే ఇంకేదో పట్టుకెళ్ళడానికే వస్తోంది.

"కూపీ లాగుతోందండీ," అంది భర్తతో. "తలుపు తీయగానే చూపు కిందికి పోతుంది. ధ్యాసంతా నా పొట్ట మీదే."

"నలుగురూ చూడాలనేగా చేయించుకుంది?"

"మీ వేళాకోళం చాలు."

మర్నాడు, మీ ఇంట్లో కరెంటుందా అని వచ్చింది. ఆ తర్వాత మందుచీటీ చదివి పెట్టమని. కళ్ళద్దాలు కనపడటం లేదంది. అవి ఆవిడ ముక్కు మీదే ఉన్నాయి.

"పిన్నిగారూ, నా నంబరు తీసుకోండి. ఏం కావాలన్నా ఫోన్ చేయండి."

"ఫోనొద్దమ్మా."

"ఏం?"

"ఫోనైతే పడుకునే ఎత్తేస్తావు."

మేడమ్‌కి ఒళ్ళు మండింది.

"అంటే, నేను ఈడ్చుకుంటూ లేచి రావడం చూడటానికే వస్తున్నారా?"

"అవునమ్మా," అంది పెద్దావిడ.

"చాలా సంతోషం. ఇక మా గుమ్మం తొక్కకండి."

పెద్దావిడ తన గుమ్మం వైపు తిరిగింది.

"సరే. నువ్వు మాత్రం నడుస్తూ ఉండు."

మేడమ్ ఆవిడ ముఖం మీదే తలుపేసింది. భర్త ఇంటికి రాగానే బెల్లు వైరు పీకించింది.

ఇల్లు ప్రశాంతమైంది. కొత్త షాపుకు కావలసిన సరుకంతా మంచం మీంచే ఫోన్‌లో ఆర్డరు పెట్టుకుంది. పనివాళ్ళను పడుకునే తిట్టింది. ఇంత హాయిగా ఎప్పుడూ లేననుకుంది.

కొన్నాళ్ళకు ఎడమ పిక్క బిగుసుకుంది. తర్వాత వాచింది. అడుగేస్తే ప్రాణం పోతున్నట్టుంది.

డాక్టరు పొట్ట సంగతి పట్టించుకోలేదు. ముందు కాళ్ళకేసి చూశాడు.

"రక్తం గడ్డకట్టింది. అది కాల్లోంచి కదిలి ఊపిరితిత్తుల్లోకి పోయి ఉంటే మనమిలా మాట్లాడుకునేవాళ్ళం కాదు. నడవమన్నానుగా?"

"మొదట్లో నడిచానండీ."

"ఆ నడకే కాపాడింది. ఎప్పుడు మానేశారు?"

మేడమ్ వెనక్కి లెక్క చూసుకుంది. బెల్లు వైరు పీకించిన రోజు దగ్గర ఆగిపోయింది.

ఆస్పత్రి నుంచి తిరిగొచ్చాక ఎవరూ పిలవకుండానే లేచింది. గుమ్మం దాటి ఎదురింటికి నడిచింది.

తలుపు తీసే ఉంది. లోపల ఒకతను అట్టపెట్టెలు కడుతున్నాడు.

"పిన్నిగారు లేరా?"

"ఊరెళ్ళిపోయారండీ. ఇక్కడ ఇంక చేసేదేం లేదన్నారు. నేను ఆవిడ అల్లుణ్ణి. సామాను తీసుకెళ్దామని వచ్చాను. ఎదురింటి మేడమ్ మీరేనా?"

"నేనే. నా సంగతి చెప్పారా?"

"ఆపరేషనై వచ్చిన రోజు మీరు లిఫ్టులోంచి వంగి నడిచొస్తుంటేనే అది హెర్నియా కాదని ఆవిడకు తెలిసిపోయింది. భయపడకండి, నాకు తప్ప ఎవరికీ చెప్పలేదు."



"ఆవిడ నంబరిస్తారా? ఫోన్‌లో అయినా ఓ మాట చెప్పుకుంటాను."

"మా అత్తగారు ఫోను ముట్టుకోరండీ."

"ఎందుకని?"

అతను పెట్టెకు టేపు అంటిస్తూ, తలెత్తకుండా చెప్పాడు.

"మా ఆవిడా ఇదే ఆపరేషన్ చేయించుకుని, మంచం దిగక, కాల్లో గడ్డ ఊపిరితిత్తుల్లోకి వెళ్ళి చనిపోయింది. పోయేదాకా రోజూ ఫోన్ చేసి, 'లేవకమ్మా, హాయిగా పడుకో' అని చెప్పింది మా అత్తగారే."