నీటికుక్కల అడుగులు

“అయ్యో, ఇవాళ కూడా వెళ్ళిపోయాయి!”

మెర్సీ బురదలోనే చతికిలబడిపోయింది. కాట్రేనికోన దాటాక మడచెట్ల మధ్య పారే పాయ అది. ఒడ్డున నీటికుక్కల అడుగుల్లో ఇంకా నీరూరుతోంది. సగం కొరికి వదిలేసిన కొయ్యింగ చేప ఒకటి తడారనైనా లేదు. అన్నీ ఉన్నాయి, జంతువులు తప్ప. ఏడాదిగా ఇదే వరస.

ఒక్క గుంపునైనా కళ్ళారా చూసి రాస్తేనే పరిశోధన ముందుకు సాగుతుందని గైడుగారు తేల్చేసేరు. ఇవాళ్టితో గడువు సరి. గడువు సంగతి దేవుడెరుగు, వాటిని చూడలేదన్న బెంగే ఆ పిల్లని తినేస్తోంది.

అడవిలో పెదవి విప్పకూడదన్నది మెర్సీ పెట్టుకున్న నియమమే. పడవ నడిపే సత్తియ్యతో ఇన్నాళ్ళూ సైగలే. ఇవాళ ఇక ఆగలేకపోయింది.

“నా దగ్గరేం వాసనొస్తోందో బాబాయ్ గారూ! సబ్బు మానేసేను, పౌడరు మానేసేను, తలకి నూనె కూడా మానేసేను. కళ్ళు మూసుకుంటే అవే. పిల్లల్ని వెంటేసుకుని ఈదుతున్నట్టు కలలు. ఒక్కసారి, దూరం నుంచైనా కనిపిస్తే వాటి సొమ్మేం పోయింది?”

సత్తియ్య బిత్తరపోయాడు.

“చూడ్డానికా అండీ మీరొస్తున్నది?”

“మరి దేనికనుకున్నారు?”

“పెంట కోసమండి.”

ఏడుపులోనూ మెర్సీకి నవ్వొచ్చింది. పాపం, ఆయన తప్పేముంది? రోజూ వచ్చి టేపుతో అడుగులు కొలిచి, పెంట మురిపెంగా సంచుల్లోకి ఎత్తి, తేదీ రాసుకోవడమే కదా ఆయన చూసింది!

సత్తియ్య తలగుడ్డ విప్పి చేతుల్లో నలుపుకున్నాడు.

“నన్ను క్షమించాలండి, అమ్మాయిగారూ.”

“మీరేం చేసేరు బాబాయ్ గారూ?”

“మొదటిరోజు రేవులో మీ అమ్మగారు నా చేతులు పట్టుకుని, ‘ఒక్కగానొక్క పిల్ల, జంతువుల మధ్యకి పంపుతున్నాను, మీదే భారం’ అన్నారండి.”

“అంటే?”

“రోజూ మీకన్నా ముందొచ్చి, తెడ్డుతో నీళ్ళు బాది, వాటన్నిటినీ అవతలి పాయలోకి తోలేశాకే మిమ్మల్ని పడవెక్కిస్తున్నానండి. ఆయ్!”