తంబుర వెనక వైపు

"ముందు పక్క జనమంతా చూస్తారు, సరే. వెనక పక్క నువ్వెట్ల చూసినావు?"

ఉరుకుందమ్మ పొద్దుటి నుంచి అడుగుతున్నది ఈ ఒక్క మాటే. పొయ్యి రాజేస్తూ అడిగింది, సంగటి కెలుకుతూ అడిగింది, ఇప్పుడు కొట్టంలోకి వచ్చి గుంజకు ఆనుకుని మళ్ళీ అడుగుతోంది.

మొగుడు కాశన్న తలెత్తలేదు. కోయిలకుంట్ల చుట్టుపక్కల ఎద్దుల బండ్లకూ ఉయ్యాల తొట్లకూ రంగులు వేసే చెయ్యి అతనిది. ఇప్పుడు ఒళ్ళో ఉన్నది మాత్రం తంబుర. బుర్రకథ చెప్పే జ్ఞానమణి భుజాన ఉండే రంగుల తంబురను చూడటానికే జనం బండ్లు కట్టుకుని పోతారు. అచ్చం అట్లాంటిదే తనకూ కావాలని, రవ్వంత తేడా ఉన్నా తీసుకోనని చెప్పి, ఊళ్ళో కథలు చెప్పే లేవి ఒక కొత్త తంబుర తెచ్చి ఇచ్చిపోయాడు. కాశన్న ఒంటిమిట్ట తిరునాళ్ళకు వెళ్ళి, పందిట్లో ముందు వరసలో కూర్చుని ఆమె తంబురను చూసి వచ్చాడు.

చూసినదంతా దించేశాడు. తంబుర బుర్ర మీద మంటల్లాంటి జుట్టు విరబోసుకున్న రెక్కల పిల్ల. ఆ పిల్ల కాళ్ళ కింద నారింజ రంగు మబ్బు. ఎరుపు పసుపులోకి, పసుపు నీలంలోకి కారిపోతున్నట్టు సుడులు. దండె పొడుగునా చుక్కలు. కాసేపు చూస్తే తల తిరుగుతుంది. అంతవరకూ ఉరుకుందమ్మకు పేచీ లేదు. నిన్న ఆరబెట్టిన తంబురను తిప్పి చూసేసరికి, భుజానికి ఆనుకునే వైపు, పందిట్లో ఎవరికీ కనబడని చోట, ఒక పువ్వు కనిపించింది. సన్నటి గీతల పువ్వు. ఒక రేకు వంకర. కింద వరస తప్పిన మూడు చుక్కలు.

"నిన్నే అడిగేది. ఆయమ్మ ఒంటికి ఆనించుకునే పక్క నీకెవరు చూపించినారు?"

"ఎవరూ చూపీలేదు. పో, పనుండాది."

"ఆ రేకెందుకు వంకరుండాది?"

"అది అట్లే ఉంటాది."

"అట్లే ఉంటాదని నీకెట్ల తెలుసంట?"

కాశన్న కుంచెను గుడ్డకేసి తుడవసాగాడు. ఎంత తుడిచినా ఆ కుంచె శుభ్రం కావడం లేదు.

"నా పెండ్లి చీర ఏం రంగో చెప్పు చూద్దాం" అంది ఉరుకుందమ్మ.

"ఎర్రది."

"ఆకుపచ్చది."

"అంచు ఎర్రగా ఉండె కదా."

"అంచు పసుపు. మూడు ముళ్ళేసిన దాని చీర గుర్తులేదు గానీ, ఎవతెదో తంబుర వెనక రేకు వంకర మాత్రం బాగా గుర్తుండాది."

మూలనున్న టర్పెంటైను గుడ్డ అందుకుంది. "ఎవరికీ కనపడని పక్కే కదా. తుడిచేస్తా. లేవికేం నష్టం?"

కాశన్న చటుక్కున ఆమె మణికట్టు పట్టుకున్నాడు. "కావాలంటే ముందు పక్కంతా తుడుచుకో, మళ్ళా వేసుకుంటా. అది మాత్రం ముట్టుకోవద్దు."

ఆ మాటతో ఉరుకుందమ్మ ఊహ ఎక్కడికో పోయింది. కథ ముగించి జ్ఞానమణి చెమట తుడుచుకుంటూ తంబుర దించినట్టు, దాన్ని తన మొగుడు రెండు చేతులా అందుకున్నట్టు, ఆమె నవ్వినట్టు, అన్నీ వరసగా తోచాయి. జ్ఞానమణి జడలో ఏ పువ్వు పెట్టుకుని ఉంటుందో కూడా తోచింది.

ఉరుకుందమ్మ తంబురను లాక్కుని వసారాలోకి వచ్చింది. మామ బొజ్జన్న సంగటి ముద్ద ముందు కూర్చుని ఉన్నాడు. అత్త హంపమ్మ చేటలో కొర్రలు చెరుగుతోంది.

"మామా, అత్తా, ఇద్దరూ వినండి. నేను బేతంచెర్ల పోతాండా, మా యమ్మ కాడికి. ఈ పువ్వు యాడ చూసినాడో మీ కొడుకు చెప్పినంకనే వస్తా."

బొజ్జన్న చేతిలో ముద్ద ఆగింది. "ఏమిరా, పెండ్లాం అడుగుతాంది కదా. చెప్పు."

"ఏం లేదు నాయనా" అన్నాడు వెనకే వచ్చిన కాశన్న.

"ఏం లేకుంటే మొగమెందుకట్ల పెట్టినావు?"

కాశన్న వాకిట్లో కోళ్ళను చూస్తూ నిలబడ్డాడు. చెవులు కందిపోయి ఉన్నాయి.

"చూసినావా మామా, చెప్పలేడు." ఉరుకుందమ్మ తంబురను ముందుకు చాపింది. "అంత దగ్గర్నుంచి చూసినోడు మీ ముందర ఎట్ల చెప్తాడు?"

హంపమ్మ చేట పక్కన పెట్టింది. "ఇట్ల తే, చూస్తా."

తంబురను వెలుతురుకు తిప్పింది. వంకర రేకు మీద వేలు పెట్టి, వేలిని మెల్లగా కింది చుక్కల దాకా జరిపింది. కొడుకు వైపు చూసింది. కొడుకు ఇటు తిరగలేదు. అప్పుడు కోడలి వైపు చూసింది.

"ఏమత్తా, ఆయమ్మ నీకూ తెలుసా?" అంది ఉరుకుందమ్మ, ఏడుపు ఆపుకుంటూ.

నీళ్ళు పోసుకుంటున్న ఆడమనిషికి అడ్డం పట్టినట్టు, హంపమ్మ తన కొంగు లాగి తంబుర వెనక వైపంతా కప్పేసింది.

"ఏముండాదే దాని మింద?" బొజ్జన్న మెడ సాచాడు.

"నువ్వు చూడగూడదు. సంగటి తిను."

తంబురను ఒళ్ళోకి తీసుకుని, ముగ్గురికీ వినబడేటట్టు నెమ్మదిగా చెప్పింది.

"ఈ తంబుర ఇల్లు దాటేది లేదు, లేవికి ఇంకొకటి చేసిస్తాడు. కోడలికి తన ఈపు మింద చిన్నప్పుడు పొడిచిన పచ్చబొట్టు కనపడదు గానీ, దాన్ని ఊరూరా తిప్పుతానంటే నేనొప్పుకోను."