జరిగిన సున్నా

ఏ ఇంటి గడియారానికి సున్నా, అంటే గంటల లెక్క మొదలయ్యే చోటు, ఎక్కడుండాలో ఆ ఇంటివాళ్లే పెట్టుకునే కాలమది. ఎక్కడ పెట్టుకున్నా ఊరికి ఇబ్బంది లేదు. రెండు క్షణాల మధ్య ఎంత ఎడం ఉందన్నదే అసలు లెక్క.

కూతురు ఉత్పల పుట్టినరోజుకు ఐదింటికల్లా వస్తానన్న కోదండపాణికి బాగా ఆలస్యమైంది. దారిలోనే ఫోనులో ఇంటి సున్నాను జరిపేసి, గడియారంలో ఐదవుతుండగా గుమ్మంలో అడుగుపెట్టాడు.

"చూశావా, చెప్పిన టైముకే వచ్చేశా!"

ఉత్పల గడియారం వైపు చూడలేదు. కరిగిపోయిన ఐస్‌క్రీము గిన్నె తెచ్చి చూపించింది.

"ఇది మళ్లీ గడ్డకడుతుందా నాన్నా? నీకోసం చూసి చూసి నా ఫ్రెండ్స్ అందరూ వెళ్లిపోయారు."

కోదండపాణి తల దించుకున్నాడు. చెప్పులు విప్పడానికి కూడా సిగ్గేసి గుమ్మంలోనే నిలబడిపోయాడు.

"ఆలస్యంగా వచ్చానమ్మా. పైగా అబద్ధమాడాను," అన్నాడు చివరికి.

ఉత్పల గిన్నెలో తన చెంచా పక్కన నాన్నకోసం ఇంకో చెంచా వేసింది.